కాగితముపై వెలసిన రాజ్యము



రాజ్యమనగా నేమి? రాజుండుటచేత రాజ్యమగునా, లేక రాజ్యముండినగాని యొకడు రాజు కానేరడా? ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజ్యమునకు ఏడంగములు చెప్పబడినవి. స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రము అనునవి యా యేడు. ఇందు మొదటి యంగమును మాత్రము చేతబట్టుకొని, తక్కినవి యన్నియు తరువాత సమకూరునని నమ్మి, యొక రాజ్యమును కల్పించిన మనుష్యుని కథ నేడు మీకు విన్నవింతును. ఈ కథను పలువురు వినోదమునకై చెప్పుదురు. నేను మాత్రము ఆ రాజును గూర్చి కంటె, ఆతడు తనవారని చెప్పుకొనిన ప్రజలను గూర్చి మీరు తలపోయవలెనని చెప్పుచున్నాను.

దక్షిణ అమెరికా ఖండమునకు పడమటి యంచున చిలీ యను దేశము కలదు. తూర్పున ఆండీసు పర్వతములు, పడమట మహాసముద్రము; నడుమ సన్నని పొడుగైన భూమి. అందు బియోబియో యను నదికి దక్షిణమున మపూచేలను జాతివారు తరతరములుగా నివసించుచుండిరి. స్పెయిను దేశస్థులు వారిని అరౌకానులనియు, వారి సీమను అరౌకానియా యనియు పిలిచిరి.

ఈ మపూచేలకు రాజు లేడు, రాజధాని లేదు. కొన్ని కుటుంబములు కూడి యొక సమూహముగా నుండును. ఆ సమూహమునకు పెద్దయైనవానిని లోంకో యందురు. వారి భాషలో ఆ మాటకు శిరస్సని యర్థము. తగవులు వచ్చినప్పుడు లోంకోలు సభ తీర్చి మాటలాడుకొందురు. యుద్ధము వచ్చినప్పుడు మాత్రము అందరును గూడి యొక నాయకు నెన్నుకొందురు. అతనికి తోకి యని పేరు. రాతిగొడ్డలి యాతని యధికార చిహ్నము. యుద్ధము ముగిసినంతనే ఆ యధికారమును ముగియును. మన పల్లెలలో పెద్దలు రచ్చకట్టపై కూర్చుండి తగవు తీర్చు పద్ధతి నెరిగినవారికి ఈ యేర్పాటు వింతగా దోపదు.

రాజులేని యీ జాతిని జయించుట స్పెయినువారికి సాధ్యము కాలేదు. 1553వ సంవత్సరమున వారి అధిపతి వల్దీవియా తుకపెల్ వద్ద మపూచేల చేత హతుడయ్యెను. నాటి యుద్ధమున మపూచేలను నడపిన లౌతారో యను యువకుడు, పూర్వము ఆ వల్దీవియాకడనే బందీయై సేవ చేసి, గుఱ్ఱముల మర్మమును వారి యుద్ధరీతిని గ్రహించినవాడు. 1598వ సంవత్సరమున మరియొక స్పానిషు అధిపతి కురలాబా వద్ద కూలెను; అటుపిమ్మట కొలది యేండ్లలో బియోబియోకు దక్షిణముననున్న వారి పట్టణములు పాడువడెను. తుదకు 1641వ సంవత్సరమున కిలీన్ అను చోట జరిగిన సభలో, ఆ నదియే యుభయులకు సరిహద్దని స్పెయినువారు ఒప్పుకొనిరి. సూర్యుడస్తమింపని సామ్రాజ్యమని పేరుగాంచిన రాజ్యము రాజులేని పల్లెవారితో నొడంబడిక చేసికొనుట సామాన్య విషయమా?

ఇక మన కథానాయకుని సంగతి. ఆంత్వాన్ ద తూనాన్స్ అనువాడు 1825వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున దొర్దోన్ ప్రాంతమందలి యొక పల్లెలో, కలిగిన రైతు కుటుంబమున జన్మించెను. పెరిగ్యూ పట్టణమున న్యాయవాద వృత్తి చేసెను. తన వంశము ప్రభువంశమని యాతని నమ్మకము. అరౌకానుల పరాక్రమమును వర్ణించుచు ఎర్సిల్యా యను స్పానిషు కవి పదునారవ శతాబ్దమున రచించిన కావ్య మాతని మనస్సును హరించెనని చెప్పుదురు. ఆతడు వృత్తిని విడిచి, 1858వ సంవత్సరమున చిలీ తీరమున దిగెను. రెండేండ్లు ఆ దేశమున నుండి స్పానిషు భాష నభ్యసించి, 1860వ సంవత్సరమున బియోబియో దాటి మపూచేల సీమ ప్రవేశించెను.

ఆ యేడు నవంబరు 17వ తేదీన ఆతడొక శాసనము వ్రాసి, అరౌకానియా రాజ్యము స్థాపితమైనదనియు, తాను మొదటి ఓరెలీ ఆంత్వాన్ అను పేర దానికి రాజ నైతిననియు ప్రకటించెను. మూడు దినములకు మరియొక శాసనముచేత, పర్వతములకు ఆవలనున్న విశాలమైన పటగోనియాను గూడ తన రాజ్యమున గలిపికొనెను. రాజ్యాంగ విధానమును సిద్ధపరచెను. అది నాటి ఫ్రెంచి సామ్రాజ్యపు పద్ధతిని పోలియుండెను. వంశపారంపర్యమైన రాజరికము, మంత్రులు, ఆలోచనసభ, శాసనసభ, చట్టము నెదుట అందరికిని సమత్వము — అన్నియు అందు గలవు. ఇద్దరు ఫ్రెంచివారిని మంత్రులుగా పేర్కొనెను. నీలము, తెలుపు, ఆకుపచ్చ వన్నెలతో పతాక మేర్పరచెను. చిలీ దేశాధ్యక్షునికి తన పట్టాభిషేక వార్త తెలియజేసెను. అధ్యక్షుడు దానిని లెక్కచేయలేదు.

ఇచట మనమడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. మూడు శతాబ్దములు రాజు నొల్లని మపూచేలు ఈ పరదేశిని ఏల ఆదరించిరి? వారు అమాయకులని కొందరందురు. అది నాకు సమ్మతము కాదు. 1818వ సంవత్సరమున స్వాతంత్ర్యము ప్రకటించిన చిలీ ప్రభుత్వము, 1825వ సంవత్సరమున తపీవే సభలో పూర్వపు సరిహద్దును మన్నించినను, కాలక్రమమున దాని ప్రజలు నది దాటి భూములాక్రమింప జొచ్చిరి. మాన్యిల్ అను వృద్ధ నాయకుడును, ఆతని కుమారుడు కిలపానును రాబోవు ముప్పును గుర్తించినవారు. పరరాజ్యముల భాష నెరిగినవాడు, చట్టము నెరిగినవాడు, కాగితముపై వాదింపగలవాడు, ఒకవేళ తుపాకులు తెప్పింపగలవాడు వచ్చినప్పుడు, ఆతని నొక సాధనముగా వాడుకొన జూచుట వివేకమే. ఆతడు వారిని తన ప్రజలనుకొనెను. వారాతని తమకు తోడు వచ్చిన దూత యనుకొనిరి. ఆ రెండు తలంపుల నడుమనే యా రాజ్యము నిలిచినది.

ఇప్పుడు సప్తాంగములతో దానిని తూచి చూతము. స్వామి యుండెను. అమాత్యులు కాగితముపై నుండిరి. జనపదము కలదు గాని, అది తన లోంకోల మాట వినునదే కాని రాజు మాట వినునది కాదు. దుర్గము లేదు. కోశము శూన్యము, స్వదేశమున చందాలు పోగుచేయ జూచెను గాని ఫలింపలేదు. దండము మపూచేల యీటెలయందుండెను. అవి తోకి యాజ్ఞకు లేచునవి. ఫ్రాన్సు తనకు మిత్రమగునని యాశించెను. ఫ్రాన్సు ప్రభుత్వ మాతని నెన్నడును రాజుగా నంగీకరింపలేదు.

కావున 1862వ సంవత్సరము జనవరి 5వ తేదీన, తన సేవకుడే పట్టియీయగా, చిలీ సైనికులాతని బంధించిరి. చెరలో ఆతడు వ్యాధిగ్రస్తుడయ్యెను. న్యాయస్థాన మాతని మతిలేనివానిగా నిర్ణయించెను. ఫ్రెంచి రాజప్రతినిధి జోక్యముతో ఆతడు స్వదేశమునకు పంపబడెను. అయినను ఆశ విడువలేదు. 1869, 1874, 1876 సంవత్సరములలో మరి మూడుమార్లు దక్షిణ అమెరికాకు బయలుదేరెను. 1874లో తన పేర రాగినాణెములు గూడ ముద్రింపించెను. ఏ యాత్రయు ఫలింపలేదు. 1878వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన, స్వస్థలమునకు చేరువనున్న తుర్త్వారక్ గ్రామమున, పేదవాడై మరణించెను. ఆతనికి సంతానము లేదు. ఆ బిరుదును ధరించువారు ఫ్రాన్సు దేశమున నేటికిని కలరు. వారికి ఏలుటకు జానెడు భూమియు లేదు.

కథ ఇచటితో ముగియుననుకొందురు. కాని యా జనపదమునకు తరువాత కలిగిన గతియే ముఖ్యము. చిలీ సేనాని సావేద్రా కోట తరువాత కోట కట్టుచు ముందుకు సాగెను. 1862లో అంగోల్ పట్టణము మరల నెలకొల్పబడెను. ఎవడో యొక పరదేశపు రాజు అచట పాదుకొనునేమో యను భయము, ఆక్రమణను త్వరపెట్టుడని వాదించువారికి మంచి సాకైనది. 1881లో మపూచేలు కడసారి యందరును లేచి పోరాడిరి. 1883లో విల్యరిక పట్టణము చిలీవారి వశమగుటతో ఆక్రమణ ముగిసినది. పర్వతముల కావల ఆర్జెంటీనా ప్రభుత్వమును అదే కాలమున పటగోనియాను లోబరచుకొనెను.

పిదప వచ్చినది భూముల లెక్క. 1866వ సంవత్సరపు చట్టము ననుసరించి, ఇంతవరకు మపూచేల నివాసమని రుజువైన భూమి వారికి; తక్కినది సర్కారుది. 1884 మొదలు సుమారు నలుబదియేండ్లలో మూడువేలకు కొంచెము తక్కువగా పట్టాలు ఇచ్చిరి. ఆ పట్టాల క్రింద వారికి దక్కినది సుమారు 5 లక్షల హెక్టార్లు, అనగా పన్నెండున్నర లక్షల యెకరములు. అది వారి పూర్వపు సీమలో స్వల్పభాగము మాత్రమే. మిగిలిన భూమి వేలములందును, ఐరోపానుండి వచ్చిన వలసవారికిని పోయినది. పశువులను విశాలమైన బీళ్లలో మేపుకొనినవారు కొలది మళ్లలో నిరుకుకొని బ్రతుకవలసివచ్చెను.

అయ్యలారా, ఇందు నాకు తోచిన సంగతి నొక్కటి చెప్పి విరమింతును. ఆ ఫ్రెంచివాని శాసనమును కాగితమే. చిలీవారి పట్టాయును కాగితమే. మొదటిదాని వెనుక బలము లేదు గనుక అది నగుబాటయ్యెను. రెండవదాని వెనుక సైన్యమును, కచ్చేరియు నుండెను గనుక అది చట్టమయ్యెను. ఆ రెంటిలో దేనియందును ఆ భూమిని దున్ని మేపుకొనినవారి సమ్మతి నడిగినవారు లేరు. కల్పిత రాజ్యమని మనము తూనాన్స్ రాజ్యమును నవ్వుదుము. ప్రజల నడుగక గీచిన గీతలు సైన్యబలముచే నిలిచినంతమాత్రమున కల్పితములు కాకపోవునా?

మపూచేలు నశింపలేదు. 2017వ సంవత్సరపు జనాభాలెక్కలో చిలీ దేశమున 17 లక్షలకు పైబడినవారు తాము మపూచేలమని చెప్పుకొనిరి. తమ భూములకొరకు వారు నేటికిని వాదించుచునే యున్నారు. రాజు పోయెను, నాణెములు చెల్లకపోయెను. కాని లోంకో యను మాట వారి పల్లెలలో నేటికిని వినబడుచున్నది. జనపదమే రాజ్యమునకు ప్రాణమనుటకు ఇంతకంటె నిదర్శనము నే నెరుగను.