తప్పు కోడలిది కాదు



జహీరాబాదులో మనకు తెలిసిన ఇల్లే అనుకోండి. ఏడాది నిండిన పిల్లవాడు. వెనక నిలబడి పిలిస్తే తిరిగి చూడడు. "మా వంశంలో ఇట్లాంటిది లేదమ్మా" అంటుంది అత్తగారు. కోడలు తల వంచుకుంటుంది. తమాషా ఏమిటంటే, ఆ కోడలు అత్తగారి సొంత అన్న కూతురే! గ్రహణంనాడు కత్తిపీట ముట్టుకుందనీ, పూర్వజన్మ పాపమనీ నిందంతా ఆ పిల్ల నెత్తినే పడుతుంది.

మేనరికం మనకు నిన్న మొన్న వచ్చింది కాదు. మేనమామ కూతుర్నీ, మేనత్త కూతుర్నీ పెళ్ళాడటం దక్షిణాది ఆచారమని బౌధాయన ధర్మసూత్రమే చెప్పింది. ఆస్తి చెదరదు, తెలిసిన ఇంట్లో పిల్ల సుఖపడుతుంది అని పెద్దల ఆలోచన. అందులో ప్రేమ లేదనలేం. అయితే 1902లో ఇంగ్లండులో గారడ్ అనే వైద్యుడు, మూత్రం నల్లబడే ఒక అరుదైన జబ్బును పరిశీలిస్తూ, ఆ రోగుల తల్లిదండ్రుల్లో చాలామంది దగ్గరి చుట్టాలని గమనించాడు.

వినికిడి సంగతి 1997లో తేలింది. కనెక్సిన్ 26 అనే జన్యువులో లోపం ఉంటే పుట్టుచెవుడు వస్తుందని లండన్ పరిశోధకులు కనుక్కున్నారు. ఈ జన్యువు తయారుచేసే పదార్థం లోపలి చెవిలో కణానికీ కణానికీ మధ్య తలుపులాంటిది. దాన్ని 226 పూసల దండ అనుకోండి. మన దేశంలో తరచు కనబడే మార్పులో 24వ పూస గుచ్చవలసిన చోటనే దారం తెగిపోతుంది. ఇక తలుపు ఎక్కడిది?

ఈ మార్పు ఎంతో పాతది. ఒకే పూర్వీకుడి నుంచి మనవాళ్ళకు సంక్రమించిందని 2003లో బెంగుళూరు శాస్త్రజ్ఞులు చూపించారు. సుమారు వెయ్యేళ్ళ కిందట మన దేశం విడిచి యూరపు చేరిన రోమా జాతివారిలోనూ ఇదే మార్పు కనబడింది.

అంటే మేనరికం దీన్ని పుట్టించలేదు సుమా! తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ఈ జన్యువు మనకు రెండు ప్రతులుగా వస్తుంది. ఒకటి బాగుంటే చాలు, చెవి వింటుంది. రెండూ చెడితేనే ఇబ్బంది. దంపతులిద్దరిలోనూ ఒక్కొక్క చెడ్డ ప్రతి దాగి ఉంటే, ప్రతి కాన్పుకూ నాలుగింట ఒకవంతు ప్రమాదం. ఒకే తాత మనవలకు ఒకే లోపం వచ్చే అవకాశం ఎక్కువ. అక్క కూతుర్ని చేసుకుంటే ఇంకా ఎక్కువ. పరాయి సంబంధంలోనూ ఇది జరగవచ్చు. చెవుడంతా వంశపారంపర్యమూ కాదు. గర్భిణికి రుబెల్లా సోకినా, పుట్టిన బిడ్డకు కామెర్లు ముదిరినా రావచ్చు.

మేనరికం తలపెట్టేటప్పుడు వంశంలో పుట్టుచెవుడు ఉంటే దాచకండి. హైదరాబాదు బేగంపేటలోని ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యువ్యాధుల ఆసుపత్రిలో సలహా అడగండి. బిడ్డ పుట్టిన నెలలోపల వినికిడి పరీక్ష చేయించండి. నిద్రపోతున్న పసికందుకు కూడా చేస్తారు, నొప్పి ఉండదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సర్కారు దవాఖానాల్లో పుట్టుచెవుడునూ చూస్తారు. లోపం తేలితే ఆరు నెలలలోపే మిషనో, సైగల భాషో మొదలుపెట్టాలి. మాట నేర్చే వయసు మనకోసం ఆగదు.

పళ్ళెం మోగించి చూసి ఊరుకోకండి. ఎవరి వంశం అని తగువు పడకండి. బిడ్డకు సగం అటునుంచి వచ్చింది, సగం ఇటునుంచి వచ్చింది.