నీరటి

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చెరువు తూము తీసి, మళ్లకు నీళ్లు వంతులవారీగా పారించే మనిషి నీరటి. కొన్ని ఊళ్లలో నీరడి అంటారు. మాట మొదట్లో ఉన్నది నీరే. తమిళంలో నీర్‌కట్టి, కన్నడలో నీరుగంటి దీని చుట్టాలు.

డేటా సెంటర్లలోనూ ఒక నీరటి ఉన్నాడు. అక్కడ చెరువు స్టోరేజీ. ఒకే స్విచ్‌ల మీద దాని నెట్‌వర్కును వేరువేరు మళ్లుగా విడదీస్తే వీశాన్. మొదట్లో ఏ పోర్టుకు తీగ గుచ్చితే ఆ పోర్టు మడే దక్కేది. తీగ మారిస్తే మళ్లీ చేత్తో సరిచేయాలి. సిస్కో స్విచ్‌లలోని డీపీవీఎం అనే సదుపాయం ఈ బాధ తప్పించింది: పరికరానికి పుట్టుకతో వచ్చే 64 బిట్ల గుర్తింపు సంఖ్య, డబ్ల్యూడబ్ల్యూఎన్, చూసి దాని మడికే పంపుతుంది, ఏ పోర్టులో గుచ్చినా. మంచి నీరటీ అంతే, గట్టు మీద ఎటు నుంచి వచ్చినా రైతును ముఖం చూసి పోల్చుకునేవాడు. కాకపోతే ఎవరి మడి ఏదో చెప్పే పట్టిక అతని తలలో ఉండేది.

మళ్లీ ఊరికొస్తే, 2023లో తెలంగాణ గ్రామ రెవెన్యూ సహాయకుల (వీఆర్‌ఏ) వ్యవస్థను రద్దు చేసింది. నీరడులూ అందులోని వాళ్లే. కొందరు సాగునీటి శాఖలో లష్కర్లయ్యారు. లష్కర్ అంటే పారసీలో సైన్యం. తూము దగ్గరి ఒంటరి మనిషికి ఎంత పెద్ద పేరో!