పక్కిల్లు ఎవరు కట్టారు? – అప్‌డైక్ ‘కపుల్స్’ గురించి

అమెరికన్ నవలాకారుడు జాన్ అప్‌డైక్ రాసిన ‘కపుల్స్’, అంటే జంటలు, 1968 ఏప్రిల్‌లో వెలువడింది. ఆ నెల 26వ తేదీ సంచికకు టైమ్ పత్రిక ఆయన బొమ్మనే ముఖచిత్రంగా వేసింది. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. మెచ్చినవాళ్లు ఆయన వాక్యాన్ని చూసి మెచ్చారు. తిట్టినవాళ్లు అందులోని పడకగదులను చూసి తిట్టారు. నవల నిరాశ కలిగిస్తుందన్నది నిజమే. కాని దానికి కారణం శృంగారం కాదు. చలం మీద అశ్లీలమన్న ముద్ర వేసి చేతులు దులుపుకున్న మన పెద్దలు ఎంత దూరం వెళ్లగలిగారో, ఈ తిట్టినవాళ్లూ అంత దూరమే వెళ్లారు. ఇరుగుపొరుగు దంపతుల స్నేహాన్ని వస్తువుగా తీసుకున్న రచయిత, వీళ్లను ఇరుగుపొరుగు చేసినదేమిటన్న ప్రశ్న వేసుకోలేదు. అసలు లోపం అక్కడుంది.

కథాస్థలం మసాచుసెట్స్ తీరంలోని టార్‌బాక్స్ అనే కల్పిత పట్టణం. 1957 నుంచి 1974 దాకా రచయిత కాపురమున్న ఇప్స్‌విచ్ పట్టణం దానికి మాతృక. కథ 1963 వసంతంలో మొదలవుతుంది. పది జంటలు. పీట్ హనెమా ఇళ్లు కట్టే కాంట్రాక్టరు, ఫ్రెడ్డీ థోర్న్ పళ్ల డాక్టరు, కొత్తగా ఊళ్లోకి వచ్చిన కెన్ విట్‌మన్ జీవరసాయన శాస్త్రవేత్త, ఇంకొకడు విమానం నడుపుతాడు. వారాంతాల్లో ఆటలు, విందులు, మద్యం. పీట్‌కూ కెన్ భార్య ఫాక్సీకీ సంబంధం ఏర్పడుతుంది. మరో రెండు జంటలు భార్యాభర్తలను తారుమారు చేసుకుంటే, మిగతావాళ్లు ఆ రెండిళ్ల పేర్లూ కలిపి ముద్దుపేరు పెడతారు. నవంబరు 22న అధ్యక్షుడు కెనడీ హత్య జరిగితే, ఆ రాత్రి ముందే అనుకున్న పార్టీని రద్దు చేసుకోరు. ఇక్కడ అప్‌డైక్ చూపు చురుకైనదే, కాదనలేం. కాని అది గది లోపల తిరిగే చూపు. కిటికీ దాకా వచ్చి ఆగిపోతుంది.

ఇరుగుపొరుగు అంటే మనకు తోడుకు కాస్త పెరుగు దొరికే ఇల్లు, తగువొస్తే గోడ మీంచి తిట్టుకునే ఇల్లు. ఆ పక్కింట్లో ఎవరుండాలో మాత్రం మనం ఎన్నుకోలేదు, కులం ఎన్నుకుంది. ఊరెక్కడో వాడెక్కడో తేల్చింది అదే. అమెరికాలో ఆ పని రంగూ రుణమూ కలిసి చేశాయి. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇళ్ల రుణాలకు హామీ ఇచ్చింది. నల్లవాళ్లున్న పేటలను నష్టభయం గల పేటలుగా లెక్కగట్టి హామీ నిరాకరించింది. 1944 చట్టం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ఇంటి రుణం చూపించింది. 1947లో న్యూయార్క్ దగ్గర విలియం లెవిట్ మొదలుపెట్టిన లెవిట్‌టౌన్‌లో, ఫ్యాక్టరీలో సరుకు తయారైనట్టు, 17 వేలకు పైగా ఇళ్లు లేచాయి. మొదట్లో ఆ ఇళ్ల అద్దె ఒప్పందంలో తెల్లజాతివారు తప్ప మరొకరు ఉండరాదన్న షరతు ఉండేది. ఇంటి పనివాళ్లకు మాత్రం మినహాయింపు! ఆస్తి పత్రాల్లోని ఇలాంటి షరతులను కోర్టులు అమలు చెయ్యరాదని 1948లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. షరతు పోయింది, పద్ధతి పోలేదు.

టార్‌బాక్స్ లెవిట్‌టౌన్ కాదు. అది పాత ప్యూరిటన్ల పట్టణం. అక్కడికొచ్చినవాళ్లు చదువూ జీతమూ ఎక్కువున్నవాళ్లు. జంటల్లో ఒక యూదు కుటుంబం ఉంది, ఒక కొరియన్ శాస్త్రవేత్త ఉన్నాడు. నల్లవారి సమస్య మాత్రం పక్కింటి సమస్య కాదు. నాయకుడు ఇళ్లు కట్టేవాడు కదా! ఎవరికి కడుతున్నాడు, ఎవరికి కట్టడం లేదు అన్న ప్రశ్న అతని చేతిలోనే ఉంది. అతని చేత దూలాల గురించి, చెక్కపని గురించి మాత్రం ఆలోచింపజేస్తాడు రచయిత.

ఆ ప్రశ్న ఊహాజనితం కాదు. పెన్సిల్వేనియాలో లెవిట్ కట్టిన రెండో లెవిట్‌టౌన్‌లోకి 1957 ఆగస్టులో విలియం మైయర్స్, డెయిజీ మైయర్స్ అనే నల్ల దంపతులు ముగ్గురు పిల్లలతో ఇల్లు కొనుక్కుని వచ్చారు. ఆ ఊరికి వాళ్లే మొదటి నల్ల కుటుంబం. భర్త యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు, భార్య కాలేజీ చదువు చదివినది. వందలమంది గుమిగూడారు. రాళ్లతో ముందుగది అద్దం పగలగొట్టారు. రాయి తగిలి ఒక పోలీసు అధికారి పడిపోయాడు. వెనకింటిని అడ్డాగా చేసుకుని, బానిసరాష్ట్రాల జెండా ఎగరేసి, రాత్రిళ్లు పాటలు పెట్టి వేధించారు. పక్కింటివాళ్లు లూ వెక్స్‌లర్, బియా వెక్స్‌లర్, యూదు దంపతులు, కమ్యూనిస్టులు. మైయర్స్ దంపతులు ఆ ఇల్లు కొనడానికి తోడ్పడ్డదీ, గుంపు వచ్చినప్పుడు వాళ్ల పక్షాన నిలబడ్డదీ వీళ్లే. ఫలితంగా వాళ్ల పచ్చికలో శిలువ తగలబడింది. వాళ్ల గోడ మీద కూ క్లక్స్ క్లాన్ అక్షరాలు వెలిశాయి. రాష్ట్ర ప్రభుత్వం కోర్టుకెక్కి నిషేధపుటుత్తర్వు తెచ్చాక గాని గొడవ అణగలేదు.

రెండు జంటల మధ్య పక్కింటి స్నేహానికి ఇంతకన్న బలమైన వస్తువు ఏముంటుంది? అప్‌డైక్ దీన్నే రాయాలని ఎవరూ శాసించలేరు. ఆయనకు తెలిసిన మనుషులు వేరు. కాని తనకు తెలిసిన మనుషుల సౌఖ్యం ఏ గోడల మీద నిలిచిందో చూడగలగాలి కదా. నవల వెలువడిన నెలలోనే, 4వ తేదీన మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. 11వ తేదీన ఇళ్ల అమ్మకంలో, అద్దెలో జాతి వివక్షను నిషేధించే చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టాడు. పక్కింట్లో ఎవరుండవచ్చునన్నదే దేశమంతా రగిలిన ప్రశ్న. పక్కిళ్ల గురించి వచ్చిన నవలేమో పక్కింటి పరుపు దగ్గర ఆగింది.

ఒక్కచోట మాత్రం నవల తన హద్దు దాటుతుంది. పీట్ వల్ల ఫాక్సీకి గర్భం వస్తుంది. అప్పటికి గర్భస్రావం నేరం. నిజానికి 1963లో మసాచుసెట్స్‌లో గర్భనిరోధక మాత్ర ఇవ్వడమూ నేరమే. వివాహితులకు 1966లో, అవివాహితులకు సుప్రీంకోర్టు తీర్పుతో 1972లో ఆ అడ్డు తొలగింది. ఈ స్త్రీలకు మాత్ర దొరికిందంటే స్వేచ్ఛ వచ్చి కాదు, సొంత డాక్టర్లు ఉండి. ఇప్పుడు గర్భస్రావం చేసే మనిషి కావాలి. ఫ్రెడ్డీ ఏర్పాటు చేస్తానంటాడు. వెల: పీట్ భార్య ఏంజెలాతో ఒక రాత్రి. కారణం తెలియని భార్య ఒప్పుకుంటుంది. స్నేహం పేరు మీద సాగినదంతా బేరమేనని ఆ ఘట్టం చెప్పినంత సూటిగా, పుస్తకంలో మరే ఘట్టమూ చెప్పలేదు. చట్టం స్త్రీని మూలకు నెట్టినప్పుడు స్నేహితుడు వ్యాపారి అవుతాడు. 1973లో వచ్చిన హక్కును 2022లో అక్కడి సుప్రీంకోర్టే రద్దు చేసింది. మసాచుసెట్స్‌లో గర్భస్రావం నేరం కాకపోయినా అనేక రాష్ట్రాల్లో మళ్లీ నేరమైంది కనుక, ఆ పేజీలు పాతబడలేదు. ఈ దారి పట్టి ఉంటే నవల వేరుగా ఉండేది. రచయిత మాత్రం దాన్ని పాపానికి శిక్షగా మలిచి, పిడుగు పడి చర్చి కాలిపోవడంలో తేల్చేశాడు. సామాజిక చిక్కును ఆకాశానికి అప్పగించడం తేలిక.

చివర పీట్, ఫాక్సీ పెళ్లి చేసుకుని లెక్సింగ్టన్ వెళ్లిపోతారు. అక్కడి జంటలు వాళ్లను తమలో కలుపుకుంటాయి. వాళ్ల కిటికీ మీద ఎవరూ రాయి వెయ్యరు.

మైయర్స్ కుటుంబం కొన్నేళ్లు నిలబడి తర్వాత లెవిట్‌టౌన్ వదిలింది. 1999లో అక్కడి మేయర్ డెయిజీని పిలిపించి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. లూ వెక్స్‌లర్ తన జ్ఞాపకాలను 2004లో ‘మొదటి రాయి’ అన్న అర్థమిచ్చే పేరుతో అచ్చువేశాడు. మరుసటి ఏడు డెయిజీ మైయర్స్ తన జ్ఞాపకాలు ప్రకటించింది. 2009లో డేవిడ్ కుష్నర్ ఆ రెండిళ్ల కథను చరిత్ర గ్రంథంగా రాశాడు. ‘కపుల్స్’ చదివే విద్యార్థి ఆ మూడు పుస్తకాలనూ పక్కన పెట్టుకుని చదవాలి.