సర్పగంధ వేరు నుండి అజ్మలీన్ దాకా

మన సభల్లో జాబిర్ ఇబ్న్ హయ్యాన్ పేరు, అర్ రాజీ పేరు తరచూ వింటూనే ఉంటాం. రసాయన శాస్త్రానికి పునాదులు వేసినవారని చెప్పుకొని సంతోషిస్తాం. అందులో తప్పేమీ లేదు. క్రీ.శ. 925 ప్రాంతంలో కన్నుమూసిన రాజీ తన 'కితాబుల్ అస్రార్'లో కొలిమి మొదలు స్వేదన పాత్ర వరకు పనిముట్లన్నింటినీ, పదార్థాలను శుద్ధిచేసే విధానాలనూ వివరించిన మాట నిజం. 'ఆల్కలీ' అన్న మాట అరబ్బీదే గదా! అయితే వెయ్యేళ్ళ నాటి పేర్ల దగ్గరే మనం ఆగిపోతున్నాం. ఆ విద్యను మన దేశంలో, ఇరవయ్యో శతాబ్దంలో, చేతలలో చూపించిన వారున్నారు. వారి సంగతి మన పిల్లలకు తెలియాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఢిల్లీ హకీం అజ్మల్ ఖాన్ గారు (1868-1927) పేరుమోసిన హకీముల వంశంలో పుట్టినవారు. నాడి పట్టి రోగం చెప్పగలిగిన ఆయనకు ఇంకొకరి మెప్పు అక్కరలేదు. అయినా తమ మందులు కొత్త రసాయన శాస్త్రం ముందు పరీక్షకు నిలబడాలని కోరారు. పరీక్ష అంటే ఓడిపోయే మందులూ ఉండవచ్చు. అది తెలిసే కోరారు. యునానీ, ఆయుర్వేదం రెండింటినీ ఒకే కప్పు కింద చేర్చి ఆయన నెలకొల్పిన తిబ్బియా కాలేజీని 1921 ఫిబ్రవరి 13న గాంధీజీ ప్రారంభించారు. దానికి తోడుగా ఒక పరిశోధనాలయం ఉండాలన్నది హకీం సాహెబు సంకల్పం.

ఆ పనికి దొరికిన మనిషి సలీముజ్జమాన్ సిద్దీఖీ గారు. 1897లో బారాబంకీ జిల్లాలో పుట్టి, అలీగఢ్‌లో చదివి, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ విశ్వవిద్యాలయంలో 1927లో డాక్టరేటు పొందారు. ఆ సంవత్సరం డిసెంబరులోనే హకీం సాహెబు కాలం చేశారు. సంకల్పం మాత్రం ఆగలేదు.

సిద్దీఖీ గారు చేతికి తీసుకున్నది సర్పగంధ వేరు. హకీములు దీన్ని 'అస్రోల్' అంటారు. మతిచలనానికి, నిద్ర పట్టకపోవడానికి, పాము కాటుకు దీన్ని తరతరాలుగా మన దేశంలో వాడారు. కాని వేరు పొడి ఒక పెద్ద గుంపు వంటిది. అందులో పిండి, జిగురు, రంగు, ఎన్నో చేదు పదార్థాలు కలిసి ఉంటాయి. ఏది మేలు చేస్తోంది? ఎంత ఇవ్వాలి? గుంపును అడిగితే జవాబు రాదు. ఒక్కొక్కరినీ విడదీసి అడగాలి.

వేళ్ళ నుండి ఆల్కలాయిడ్లను విడదీసే సాధారణ పద్ధతి ఇది. ఎండిన వేరును దంచి ఆల్కహాలులో నానబెడతారు. ఆ సారాన్ని వడగట్టి, ఆల్కహాలును స్వేదనం చేసి తీసివేస్తే చిక్కని ముద్ద మిగులుతుంది. దానికి పలుచని ఆమ్లం కలిపితే ఆల్కలాయిడ్లు లవణాలుగా మారి నీళ్ళలోకి దిగుతాయి. జిగురు, కొవ్వు చాలావరకు పైన ఉండిపోతాయి. ఆ నీటిలో అమ్మోనియా పోస్తే ఆల్కలాయిడ్లు మళ్ళీ బయటపడతాయి. తర్వాతిది స్ఫటికీకరణం. మా ఉర్దూ మాధ్యమ తరగతుల్లో దీన్నే 'కలమావ్' అంటాం. వేడి ద్రావణిలో కరిగించి, నెమ్మదిగా చల్లారనిస్తే శుద్ధమైన పదార్థం స్ఫటికాలుగా పేరుకుంటుంది. కల్మషం ద్రవంలోనే ఉండిపోతుంది. ఒక్కసారితో పని తీరదు. మళ్ళీ కరిగించాలి, మళ్ళీ పేర్చాలి. శుద్ధి అయిందా లేదా అని చెప్పే న్యాయమూర్తి ద్రవీభవన స్థానం. కల్మషముంటే ముందే మెత్తబడి, మెల్లమెల్లగా కరుగుతుంది. శుద్ధమైతే దాదాపు ఒకే ఉష్ణోగ్రత దగ్గర చటుక్కున కరుగుతుంది. అబద్ధం చెప్పడం దానికి తెలియదు.

1931లో సిద్దీఖీ గారు, రఫత్ హుస్సేన్ సిద్దీఖీ గారితో కలిసి, ఆ వేరు నుండి ఐదు ఆల్కలాయిడ్లను విడదీసి ప్రకటించారు. తెల్లని స్ఫటికాలు మూడు: అజ్మలీన్, అజ్మలినీన్, అజ్మలిసీన్. పసుపుపచ్చనివి రెండు: సర్పెంటైన్, సర్పెంటినైన్. మొదటి మూడింటికీ పెట్టింది హకీం సాహెబు పేరే. రాతి విగ్రహం కంటే ఈ స్మారకం గట్టిది. గుండె లయలో దాగిన ఒక వంశపారంపర్య లోపాన్ని బయటపెట్టే పరీక్షలో యూరపు వైద్యులు నేటికీ అజ్మలీన్ సూది వాడుతున్నారు.

కథ ఇక్కడితో ముగియలేదు. రక్తపోటు తగ్గించి, మనసును శాంతపరిచే గుణానికి ముఖ్య కారణం ఈ స్ఫటికాలలో లేదు. అవి పోగా మిగిలిన ముదురు రంగు జిగురులో అది దాక్కుని ఉంది. బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ గారు సర్పగంధ రక్తపోటును తగ్గిస్తుందని 1949లో బ్రిటిష్ వైద్య పత్రికలో రాశాక ప్రపంచం కళ్ళు తెరిచింది. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు ఆ జిగురు నుండి రిసర్పీన్‌ను విడదీశారు. రోజుకు మిల్లీగ్రాములో పావు వంతు కూడా పనిచేసే మందు అది. 1956లో అమెరికా శాస్త్రజ్ఞుడు వుడ్‌వర్డ్ దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసి చూపారు. స్ఫటికాలు తీసిన తర్వాత మిగిలినదాన్ని పారబోయరాదని ఈ వేరు నేర్పింది.

సిద్దీఖీ గారు 1942లో వేపనూనె నుండి నింబిన్ మొదలైనవాటిని విడదీశారు. 1951లో పాకిస్తాను వెళ్ళి, 1994లో కరాచీలో మరణించేవరకు శాస్త్రాన్నే నమ్ముకున్నారు.

మన హైదరాబాదుకూ ఈ విద్యతో బంధుత్వముంది. 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా వారు శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు ఆ భాషలోనే రసాయన శాస్త్రం చదివారు. కాబట్టి ఉర్దూలో చదివే పిల్లవాడికి సైన్సు అందదన్న మాట చెల్లదు. అందనిది భాష కాదు, ప్రయోగశాల. బీకరు, బర్నరు బొమ్మలో చూసి పరీక్ష రాసే పిల్లలు మన బస్తీల్లో ఇంకా ఉన్నారు.

సోదరులారా, పెద్దల పేర్లు పొగడటం సులభం. వారు చెప్పినదాన్ని కరిగించి, వడగట్టి, నిగ్గు తేల్చడం కష్టం. హకీం అజ్మల్ ఖాన్ గారు తమ వారసత్వాన్ని ప్రేమించారు, అందుకే దాన్ని పరీక్షకు పంపారు. మనం జకాత్ నుండి, చందాల నుండి పిల్లలకు ఫీజులు కడుతున్నాం, పుస్తకాలు కొనిస్తున్నాం, మంచిదే. దానితో పాటు ప్రతి బడిలో ఒక బల్ల, నాలుగు గాజు పాత్రలు, ఒక థర్మామీటరు ఉండేలా కూడా చూద్దాం. పటిక కరిగించి స్ఫటికాలు పేర్చిన పిల్లవాడి చేతికి రేపు ఏ వేరు దొరుకుతుందో, దానికి ఎవరి పేరు పెడతాడో!