మోటారు వేడి: ఒక ఎలక్ట్రిక్ బైకు చరిత్ర

ఎలక్ట్రిక్ బైకు అనగానే అందరూ బ్యాటరీ గురించే అడుగుతారు. చార్జింగుకు ఎంతసేపు పడుతుంది, ఒకసారి పెడితే ఎంత దూరం వస్తుంది అని. పంపుసెట్ల మోటార్లు, మిక్సీలు విప్పి వైండింగ్ చుట్టే పనిలో బతికినవాణ్ణి కాబట్టి నా కళ్లు మోటారు మీదికే పోతాయి. మా దగ్గరికొచ్చే మోటార్లలో ఎక్కువ వాటిది ఒకటే జబ్బు. లో ఓల్టేజీ కావచ్చు, బేరింగు పట్టేయడం కావచ్చు, ఆఖరికి చంపేది వేడే. తీగ మీది ఇనామిల్ మాడిపోతుంది, చుట్లు ఒకదానికొకటి తగులుకుంటాయి, అక్కడితో సరి. కాలిఫోర్నియాలోని జీరో కంపెనీ తన బైకు మోటారును ఏడాదికేడాది ఎలా మార్చుకుంటూ వచ్చిందో చూస్తే, అందులోనూ నాకు కనిపించింది ఈ జబ్బుతో పోరాటమే.

నాసాలో ఇంజినీరుగా పనిచేసిన నీల్ సాయికీ 2006లో శాంటాక్రూజ్‌లో ఈ కంపెనీ పెట్టాడు. తొలి బళ్లకు వాడింది అగ్ని మోటారు. దాని వెనక ఉన్నవాడు సెడ్రిక్ లించ్ అనే బ్రిటిష్ ఆవిష్కర్త. తన మొదటి మోటారును వాడేసిన టిన్ను డబ్బాల రేకుతో చేసుకున్న మనిషి. పళ్లెంలా చదునుగా, తేలిగ్గా ఉండే ఈ మోటారు సత్తా లోకానికి తెలిసింది 2009 జూన్ 12న. పెట్రోలు బైకుల పందేలకు పేరుపడ్డ ఐల్ ఆఫ్ మ్యాన్ కొండదారిలో ఆ రోజు ఎలక్ట్రిక్ బైకులకు తొలిసారి పందెం పెట్టారు. 60 కిలోమీటర్ల చుట్టును రాబ్ బార్బర్ అగ్ని బండి మీద 26 నిమిషాల లోపే ముగించి గెలిచాడు. సగటున గంటకు 140 కిలోమీటర్లు. బ్రష్ మోటారుతో అంత పని చేయించడం మామూలు విషయం కాదని నేను గట్టిగా చెప్పగలను.

ఎందుకో పాత మిక్సీ విప్పిన ఎవరికైనా తెలుసు. కమ్యుటేటర్ రాగి పట్టీల మీద రెండు కార్బన్ ముక్కలు స్ప్రింగు బలంతో ఒరుసుకుంటూ కరెంటు అందిస్తాయి. నల్లపొడి రాలుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి. పట్టీల మధ్య మైకా పైకి తేలిందా, బ్రష్ ఎగిరెగిరి పడి రాగికి గాట్లు పెట్టేస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు, కరెంటు పారే రాగి తీగ తిరిగే ఆర్మేచర్‌లోనే ఉండటం. అక్కడ పుట్టిన వేడి బయటపడాలంటే సన్నటి గాలిసందు దాటాలి, లేదా ఇరుసు పట్టుకుని పాకాలి.

2012 ఎస్, డీఎస్ మోడళ్లలో జీరో బ్రష్‌లు తీసేసింది. ఇక తిరిగేవి అయస్కాంతాలు. రాగి తీగ తొడుగును ఆనుకుని కదలకుండా కూర్చుంటుంది, వేడి నేరుగా లోహంలోకి దిగుతుంది. మరుసటి ఏడు సొంతంగా రూపొందించుకున్న జడ్-ఫోర్స్ మోటారు వచ్చింది. 28 హార్స్‌పవర్ దగ్గరున్న బండి ఒక్క ఏడాదిలో 54కి ఎగబాకింది, గంటకు 150 కిలోమీటర్లు దాటింది. మోటారును చల్లబరచడానికి నీళ్లు లేవు, ఫ్యాను లేదు. తొడుగు మీది రెక్కలకు తగిలే గాలే దిక్కు.

శక్తి పెరిగింది కదా, వేడీ పెరిగింది. 2014లో వచ్చిన ఎస్ఆర్ 67 హార్స్‌పవర్‌ది. మోటారుకు కరెంటు అందించే కంట్రోలరు 660 ఆంపియర్ల దాకా పంపగలదు. అందుకే దానికి ఎక్కువ వేడిని ఓర్చుకునే అయస్కాంతాలు పెట్టారు. నియోడిమియం అయస్కాంతం ఎంత బలమైనదో అంత సున్నితం. వేడెక్కేకొద్దీ బలం తగ్గుతుంది, హద్దు దాటితే చల్లారాక కూడా పూర్తిగా తిరిగి రాదు. ఆ హద్దుకు చేరకముందే కంట్రోలరు కరెంటు తగ్గించేస్తుంది. నడిపేవాడు యాక్సిలరేటరు ఎంత తిప్పినా బండి వినదు.

 

నన్నడిగితే అన్నిటికన్నా గొప్ప మార్పు 2016ది. అంతవరకూ రోటరు, అంటే తిరిగే భాగం, పైపైన అంటుకుని ఉన్న అయస్కాంతాలను ఇనుప రేకుల దొంతర లోపలికి, గాడుల్లోకి దించారు. పైన ఉన్నప్పుడు మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం నేరుగా వాటికే తగిలి, వాటిలోనే సుడి కరెంటులు పుట్టించి వేడెక్కిస్తుంది. లోపల ఉంటే ఆ దెబ్బ చాలావరకు ఇనుము కాస్తుంది. పైగా ఆ ఇనుము కూడా క్షేత్రానికి లోబడి రోటరును తిప్పడానికి సాయం చేస్తుంది. అదే లాగుడుకు తక్కువ కరెంటు చాలు, తక్కువ కరెంటుకు రాగి తక్కువ వేడెక్కుతుంది. 2013 మోటారు బండికి జోరు ఇచ్చింది. ఆ జోరు ఎక్కుడు దారిలో, ఎండలో నిలబడేలా చేసింది మాత్రం ఈ మార్పే. బయట నుంచి చూస్తే ఈ మార్పుకు ముందు బండికీ తర్వాతి బండికీ తేడా కనిపించదు కాబట్టి దీనికి రావలసినంత పేరు రాలేదు. 2019లో వచ్చిన ఎస్ఆర్/ఎఫ్ 110 హార్స్‌పవర్‌కు చేరింది. అందులోనూ అయస్కాంతాలు ఇనుము లోపలే, చల్లబరిచేది గాలే.