వాన కోటు చరిత్ర: గొంగడి నుంచి నైలాన్ దాకా

సాంకేతిక చరిత్ర అనగానే మనకు ఆవిరి యంత్రం, రైలు, గని గుర్తుకు వస్తాయి. ఇంట్లో ఒకరి కోసం మరొకరు కుట్టే బట్టకు ఆ చరిత్రలో చోటు తక్కువ. వాన కోటును ఉదాహరణగా తీసుకుని ఈ భాగంలో ఆ వెలితిని పరిశీలిద్దాం. ఇందుకు బెల్లంపల్లి అనువైన ఊరు. బొగ్గు గనులతో పెరిగిన ఈ పట్టణం పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోది. 2016 నుంచి మంచిర్యాల జిల్లాలో ఉంది. వాన పడినా గనిలో షిఫ్టు ఆగదు. దారిలో తడిసిన మనిషి ఆ తడితోనే పనిలోకి దిగాలి. కాబట్టి అతను ఏం కప్పుకుని వెళ్లాడన్నది ఇంట్లోవారికి చిన్న విషయం కాదు.

ఈ ప్రాంతపు పాత వాన కోటు గొంగడి. దక్కని గొర్రెల ముతక ఉన్నిని కురుమ స్త్రీలు వడికేవారు; పురుషులు మగ్గం మీద నేసేవారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించేవారు. ఉన్నిలోని సహజమైన జిడ్డు వల్ల చినుకు వెంటనే లోపలికి దిగదు. గొంగడిని మడిచి నెత్తిన కొప్పెర వేసుకుంటే తల, వీపు తడవవు. నానితే మాత్రం మోయలేనంత బరువు. తర్వాతి కాలంలో నాట్లకు వెళ్లే స్త్రీలు యూరియా సంచి ఒక మూలను రెండో మూలలోకి దోపి అదే కొప్పెరను తేలికగా తయారు చేసుకున్నారు. రెండింటిలోనూ ఉన్నది మడతే. సూదితో పని లేదు. ఇది గమనించదగిన అంశం.

ఎందుకంటే ఐరోపాలో వాన కోటుకు వచ్చిన పెద్ద చిక్కు సూదితోనే వచ్చింది. గ్లాస్గో నగరంలో వీధి దీపాల కోసం బొగ్గును కాల్చి గ్యాసు తీసేవారు. మిగిలిన తారును రంగుల వ్యాపారి చార్లెస్ మాకింటాష్ కొనేవాడు. అతనికి కావలసింది అందులోని అమ్మోనియా. దానితోపాటు దొరికిన నాఫ్తాలో రబ్బరు కరుగుతుందని తెలిశాక, ఆ ద్రావణాన్ని రెండు బట్టల మధ్య పూసి 1823లో పేటెంటు పొందాడు. అంటే ఆధునిక వాన కోటు కూడా బొగ్గు నుంచి పుట్టిందే! బట్టలోకి నీరు దిగలేదు. కానీ దర్జీలు దాన్ని మామూలు బట్టలాగే కుట్టారు. సూది పొడిచిన ప్రతిచోటా నీరు కారింది. నింద బట్ట మీద పడింది. చివరికి కంపెనీయే కోట్లు కుట్టించి, కుట్ల మీద రబ్బరు పూయవలసి వచ్చింది. ఎండకు జిగురుగా, చలికి బిరుసుగా మారే దోషాన్ని మాత్రం 1840లలో గంధకంతో రబ్బరును గట్టిపరిచే పద్ధతి తీర్చింది. అమెరికాలో గుడ్‌ఇయర్, ఇంగ్లండులో హాన్‌కాక్ దానికి పేటెంట్లు తీసుకున్నారు.

1938లో డ్యూపాంట్ కంపెనీ ప్రకటించిన నైలాన్‌తో బరువు సమస్య తగ్గింది. పలుచని నైలాన్ బట్టకు ఒకవైపు పాలీయురెథేన్ పూత వేస్తే, మడిచి సంచిలో పెట్టుకునే కోటు సిద్ధం. సూది రంధ్రం మాత్రం అలాగే ఉండిపోయింది.

బెల్లంపల్లిలో ఒక గృహిణి షిఫ్టుకు వెళ్లే భర్తకు ఇలాంటి జాకెట్ కుట్టాలనుకుందని అనుకోండి. ఆమె ముందున్నది మాకింటాష్ దర్జీల సమస్యే. ముందుగా ఆమె కుట్లు తగ్గించాలి. వాన నేరుగా పడే భుజం మీద అతుకు రాకుండా వెనుక ముక్కనే ముందుకు మలిచి కత్తిరించాలి. గుండుసూదులకు బదులు బట్టల క్లిప్పులు వాడాలి. నూలు దారం నీటిని పీల్చుకుని లోపలికి చేరవేస్తుంది కనుక పాలిస్టరు దారం మేలు. రెండు అంచులను ఒకదానిలో ఒకటి మడిచి, కుట్లు పెద్దవిగా వేసి, లోపలివైపు జిగురు టేపు అంటించాలి. గొంగడి కొప్పెర నేర్పిన మడత ఇక్కడ మళ్లీ అక్కరకు వస్తుంది.

ఈ నేర్పు చాలావరకు రాతలోకి ఎక్కలేదు. మాకింటాష్ పేరు ఇంగ్లీషులో కోటుకే పేరైంది. ఉన్ని వడికిన స్త్రీల పేర్లు మనకు దొరకవు. నా దృష్టిలో ఇది ఆధారాలు లేకపోవడం కాదు, వాటిని వెతకకపోవడం. విద్యార్థులు తమ ఇళ్లలోని పాత వాన కోటు లోపలివైపును తిప్పి చూస్తే ఎవరు, ఎక్కడ, ఎన్నిసార్లు మరమ్మతు చేశారో ఆ అతుకుల్లోనే కనిపిస్తుంది. పూత వేసిన బట్టలో ఒకసారి విప్పిన కుట్టు రంధ్రాలు పూడవు. అందుకే తెలిసినవారు ముందు పాత చీర ముక్కతో నమూనా కుట్టి, తొడుక్కునే మనిషిని చేతులు పైకెత్తమని, వంగమని చూసి, ఆ తర్వాతే అసలు బట్ట మీద కత్తెర పెడతారు.