నిలవ నీళ్ల కాపలా

తమ్ముడు డల్లాస్ దగ్గర కొన్న ఇంటి పెరట్లో ఒక హాట్ టబ్ ఉంది. పాతవాళ్లు వదిలేసి వెళ్లింది. మొన్న ఫోన్ చేసి, "అన్నా, రోజూ మందులు కలిపే పని లేకుండా ఈ నీళ్లు శుభ్రంగా ఉండే ఉపాయం ఏమన్నా ఉందా?" అని అడిగాడు. ఉప్పుతో నడిచేది ఒకటి, ఓజోన్‌ది ఒకటి, వెండి గుళికలది ఒకటి షాపులో చూపించారట. మూడూ శ్రమ లేనివే అన్నారట. జవాబు ఆలోచిస్తుంటే నాకు అమీర్‌పేట గుర్తొచ్చింది. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

స్నానం చేయడాన్ని మనం 'నీళ్లు పోసుకోవడం' అంటాం. పద్ధతి ఆ మాటలోనే ఉంది. కాగులో కాగిన నీళ్లు బకెట్లోకి తోడుకుని చెంబుతో పోసుకుంటే, ఒంటిని తాకిన నీళ్లు మళ్లీ బకెట్లోకి రావు. తూము గుండా పెరట్లో అరటిచెట్టు మొదట్లోకి పోతాయి. ఒకే నీళ్లలో కూర్చుని, వాటినే రేపటికి దాచుకునే అలవాటు మన ఇళ్లలో లేదు. కాబట్టి వాడిన స్నానపు నీళ్లని ఎలా శుభ్రం చెయ్యాలి అన్న ప్రశ్నా లేదు. ఆ ప్రశ్న తొట్టితో పాటు వచ్చింది.

తొట్టి తెలుగువాళ్ల దగ్గరికి మొదట పుస్తకంగా వచ్చింది. జర్మనీలో లైప్‌జిగ్‌కి చెందిన లూయీ కూనే తొట్టి స్నానాలతో రోగాలు నయం చేయవచ్చని ఒక గ్రంథం రాశాడు. దాన్ని 1894లో ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ తెలుగు చేశారు. హిందీ, ఉర్దూ అనువాదాలు దాదాపు పదేళ్ల తర్వాత వచ్చాయి. ఈ దేశంలో ప్రకృతి వైద్య ఉద్యమం ఎక్కడ మొదలైందంటే ఆ తెలుగు పుస్తకం దగ్గరే అని చెబుతారు. కొడుకు మణిలాల్‌కి టైఫాయిడ్ వచ్చినప్పుడు కూనే చెప్పిన తొట్టి స్నానాలు చేయించానని గాంధీ ఆత్మకథలో రాసుకున్నాడు. హైదరాబాద్‌లో డాక్టర్ బి. వెంకటరావు 1949లో మొదలుపెట్టిన ప్రకృతి చికిత్సాలయం తర్వాత ప్రభుత్వ ఆసుపత్రి అయింది. అమీర్‌పేట నుంచి బల్కంపేట వెళ్లే దారిలో ఇప్పటికీ ఉంది. గాంధీ పేరుతో ప్రకృతి వైద్య కళాశాల కూడా అక్కడే.

నడుము నొప్పికి అమ్మ కొన్నాళ్లు అక్కడికి వెళ్లింది. కుర్చీలాంటి తొట్టిలో కాళ్లు బయటపెట్టి నడుము వరకూ నీళ్లలో కూర్చోవాలి. అమ్మకి మొదట్లో భయం నొప్పి గురించి కాదు, "ఎవరు కూర్చున్న నీళ్లో ఏమో" అని. ఒకరు లేవగానే ఆయా నీళ్లు పారబోసి, తొట్టి తోమి, కొత్త నీళ్లు పట్టడం చూశాక కుదుటపడింది. నీళ్లని శుభ్రం చేసే పద్ధతుల్లో అతి పాతది ఇదే: పారబొయ్యడం. దానికి మందు అక్కర్లేదు. కావలసిందల్లా మళ్లీ నింపడానికి నీళ్లు, తోమడానికి ఒక మనిషి చెయ్యి.

అదే దారిలో బల్కంపేట ఎల్లమ్మ గుడి ఉంది. అమ్మవారు నేలమట్టానికి కింద, బావిలో ఉంటుంది. అక్కడి ఊటనీటిని తీర్థంగా తీసుకుంటారు. ఆ పేటల నీళ్ల చరిత్ర ఆ గుడిలో అలాగే నిలిచిపోయింది అనిపిస్తుంది నాకు. బావిని శుభ్రంగా ఉంచేది తోడకమే. రోజూ తోడుతుంటే కొత్త ఊట వస్తుంది. మానేస్తే పాచి పడుతుంది. ఎండాకాలంలో ఎవరో ఒకరు దిగి పూడిక తీయాలి, సున్నం వెయ్యాలి. ఆ దిగేవాడు ఎప్పుడూ బావి సొంతదారు కాడు.

1908 సెప్టెంబరు 26న అమెరికాలోని జెర్సీ సిటీకి వెళ్లే తాగునీటిలో బ్లీచింగ్ పౌడర్ కలపడం మొదలుపెట్టారు. నీళ్లు శుభ్రంగా లేవని నగరానికీ నీళ్ల కంపెనీకీ కోర్టులో తగాదా నడుస్తోంది. జాన్ లీల్ అనే డాక్టరు ముందుగా అనుమతి అడక్కుండానే ఆ ఏర్పాటు చేయించాడు. అమెరికాలో ఒక నగరానికంతా ఏడాది పొడవునా క్లోరిన్ నీళ్లివ్వడం అదే మొదలు. సరిగ్గా రెండు రోజులకి, సెప్టెంబరు 28న, హైదరాబాద్‌లో మూసీ పొంగింది. వేలమంది పోయారు. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చాడు. 1920కి గండిపేట చెరువు, 1927కి హిమాయత్‌సాగర్ కట్టడం పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టినవే నగరానికి తాగునీళ్లూ ఇచ్చాయి. ఇంటింటి బావి పోయి నల్లా వచ్చింది. క్లోరిన్ ఆ నల్లా వెంట వచ్చింది.

క్లోరిన్ గొప్పతనం చంపడంలో ఒక్కటే లేదు. మరగబెట్టినా పురుగు చస్తుంది. కానీ మరగబెట్టిన నీళ్లలో గంట తర్వాత ఎవరైనా మురికి చెయ్యి పెడితే దిక్కులేదు. క్లోరిన్ కొంచెం మిగిలి ఉంటుంది, ఆ మిగిలినదే కాపలా. నల్లా చివర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలని మన తాగునీటి ప్రమాణం చెబుతుంది.

ఇక తమ్ముడి టబ్ సంగతి. కాలిఫోర్నియాలో పంపులు చేసే జకూజీ అన్నదమ్ముల్లో ఒకడైన కాండిడో, కీళ్లవాతంతో బాధపడే కొడుకు కోసం స్నానపు తొట్టిలో పెట్టుకునే పంపు తయారుచేశాడు. 1968లో అదే కుటుంబంలోని రాయ్ జకూజీ పంపుని తొట్టిలోనే బిగించాడు. అంటే కూనే తొట్టిలాగే ఇదీ నొప్పికి మందుగా పుట్టింది. దానిలోంచి ఎదిగిన హాట్ టబ్‌లో మాత్రం నీళ్లు పారబొయ్యరు. పన్నెండు పదిహేను వందల లీటర్ల నీళ్లు 38, 40 డిగ్రీల వేడిలో నెలల తరబడి తిరుగుతూనే ఉంటాయి. నలుగురు కూర్చుంటే నలుగురి చెమట, నూనె అందులోనే. ఈతకొలను నీళ్లతో పోలిస్తే మనిషి వాటాకి వచ్చే నీళ్లు చాలా తక్కువ. ఆ వేడికీ నురగకీ క్లోరిన్ త్వరగా ఎగిరిపోతుంది. గొట్టాల లోపల జిగురులాంటి పొర కడుతుంది. 25 నుంచి 45 డిగ్రీల మధ్య లెజియొనెల్లా అనే సూక్ష్మజీవి హాయిగా పెరుగుతుంది. దాని పద్ధతి వేరు: నీళ్లు తాగితే కాదు, తుంపర్లు పీలిస్తే ఊపిరితిత్తులకి పడుతుంది.

1999లో నెదర్లాండ్స్‌లోని బోవెన్‌కార్స్‌పెల్‌లో పూల ప్రదర్శన జరిగింది. అమ్మకానికి పెట్టిన ఒక టబ్‌లో వేడినీళ్లు నురగలు కక్కుతుంటే జనం పక్కనుంచి నడిచి వెళ్లారు. అందులో స్నానం చెయ్యనివాళ్లు కూడా ఆ తుంపరకి జబ్బుపడ్డారు. కనీసం 32 మంది చనిపోయారు. చూడ్డానికి ఆ నీళ్లు తేటగానే ఉండి ఉంటాయి.

అందుకే అమెరికా ఆరోగ్య శాఖవాళ్లు హాట్ టబ్‌కి కనీసం 3 పీపీఎం క్లోరిన్, లేదా 4 పీపీఎం బ్రోమిన్ ఉండాలంటారు. ఈతకొలనుకైతే ఒకటి చాలు. తమ్ముడికి చూపించిన మూడింటినీ ఈ లెక్కతో చూడాలి. ఉప్పు యంత్రం విద్యుత్తుతో ఉప్పులోంచి క్లోరిన్ తీస్తుంది. అంటే అది క్లోరిన్ లేనిది కాదు, ఇంట్లోనే చేసుకునేది. కఠినమైన నీళ్లయితే దాని పలకలకి సున్నం పడుతుంది, కడగాలి. ఓజోన్ గట్టిదే, కానీ తన దగ్గరికి వచ్చిన నీళ్లనే శుద్ధి చేస్తుంది, టబ్‌లో కాపలాకి మిగలదు. వెండి, రాగి మన రాగి చెంబు లాంటివి. పని చేస్తాయి గానీ నిదానం, పక్కన క్లోరిన్ ఉండాల్సిందే. మూడూ శ్రమని తగ్గిస్తాయి. నీళ్లలో ఎంత మిగిలిందో చూసే పని మాత్రం మనిషిదే.

అమీర్‌పేట గుర్తొచ్చింది ఇక్కడే. 2000 తర్వాత మైత్రీవనం చుట్టూ కోచింగుల కోసం వచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ని. పంజాగుట్ట వైపు సందులో హాస్టల్. మూడు అంతస్తుల్లో వందమందిమి. నల్లా నీళ్లు, ట్యాంకర్ నీళ్లు అన్నీ కింద సంపులో పడి, మోటారుతో పైన ట్యాంకుకి ఎక్కేవి. చెరువు దగ్గర కలిపిన క్లోరిన్ ఆ సంపులో రెండు రోజులు నిలవుంటే ఏం మిగులుతుంది? హాట్ టబ్‌కీ మా సంపుకీ వేడిలోనే తేడా. నీళ్లు వాసనొస్తే మేం వార్డెన్‌కి చెప్పేవాళ్లం, అక్కడితో మా శ్రమ అయిపోయేది.

ఒక ఆదివారం కడగడానికి ఒక కుర్రాణ్ని తెచ్చారు. మా వయసే. బ్లీచింగ్ పౌడర్ పొట్లం, బాత్రూమ్ యాసిడ్ సీసా రెండూ చేతికిచ్చి సంపులోకి దింపారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివి వచ్చినవాళ్లం పదిమందిమి పైన నిలబడి ఉన్నాం. ఒక్కడికీ తట్టలేదు. దగ్గుతూ, కళ్లు ఎర్రగా, నిచ్చెన పట్టుకుని పైకొచ్చాడు. మెట్ల మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాం. "ఏం గాదన్నా, జరసేపు కూసుంటే తక్కువైతది" అన్నాడు. అరగంటకి మళ్లీ దిగాడు. సాయంత్రం నల్లాలో నీళ్లు శుభ్రంగా వచ్చాయి. మాలో ఎవరం అతని పేరు అడగలేదు.

తమ్ముడికి నిన్న ఫోన్ చేశాను. ఉప్పుదే కొనుక్కోమన్నాను. కానీ దిగే ముందు ప్రతిసారీ పరీక్ష పట్టీ ముంచి రంగు చూడమన్నాను. వారానికోసారి వడపోత గుడ్డ కడగమన్నాను. మూడు నెలలకోసారి నీళ్లన్నీ పారబోసి, తోమి, కొత్తవి పట్టమన్నాను. ఏ రెండు మందులూ ఒకే డబ్బాలో కలపొద్దని గట్టిగా చెప్పాను.

"అయితే శ్రమ తప్పదంటవ్" అన్నాడు.

"తప్పదురా. ఎవరో ఒకరు చెయ్యాలి."

"ఇక్కడ ఇంకెవరున్నరన్నా, నేనే" అని నవ్వాడు.